గాలి స్పియర్‌గన్‌కు నీటి షాక్ అబ్జార్బర్ రూపకల్పన

గాలి స్పియర్‌గన్ అంటే నీటి అడుగున చేపల వేటకు గాలి పీడనంతో ఈటెను విసిరే తుపాకీ. ట్రిగ్గర్ నొక్కగానే గాలి పీడనం పిస్టన్‌ను గొట్టం మూతిదాకా తోస్తుంది. ఈటె బయటికి దూసుకుపోతుంది, పిస్టన్ మాత్రం కొన్ని మిల్లీమీటర్లలోనే ఆగాలి. ఆ దూరాన్ని బట్టే మిగతా కొలతలన్నీ తేలుతాయి. ఉదాహరణకు 20 గ్రాముల పిస్టన్ సెకనుకు 30 మీటర్ల వేగంతో వస్తే దానిలో 9 జౌళ్ల శక్తి ఉంటుంది. దాన్ని 1 మిల్లీమీటరులో ఆపాలంటే సగటున 9,000 న్యూటన్ల బలం కావాలి, 10 మిల్లీమీటర్లలో ఆపితే 900 చాలు. వెనుక గాలి తోస్తూనే ఉంటుంది కనుక, 11 మిల్లీమీటర్ల లోపలి వ్యాసమున్న గొట్టంలో 20 బార్ల పీడనం వద్ద మరో 190 న్యూటన్లు కలుపుకోవాలి.

పిస్టన్ ముక్కును శంకువులా చెక్కి, మూతిలో అది దూరేందుకు నీటి గదిని ఉంచాలి. ముక్కు లోపలికి పోయేకొద్దీ సందు ఇరుకవుతుంది. నీరు దాదాపు కుదించుకోదు కనుక, ఆ సందులోంచి వెనక్కి చిమ్ముకుపోతూ పిస్టన్ వేగాన్ని మింగేస్తుంది. పీడనం వేగపు వర్గంతో పెరుగుతుంది కాబట్టి మొదట్లో సందు వెడల్పుగానే ఉండాలి, లేకపోతే దెబ్బంతా తొలి మిల్లీమీటరులోనే పడుతుంది. ఆ గదిలో పీడనం వంద బార్లను దాటవచ్చు. మూతి గోడను పలుచన చేయడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు.

నీరు చాలకపోతే పిస్టన్‌ను ఆపేందుకు వెనుక ఒక పాలియురెథేన్ (గట్టి రబ్బరులాంటి ప్లాస్టిక్) రింగును తప్పక ఉంచండి. తొలి ముక్కును కాస్త వదులుగా చేసి, నీటిలో నాలుగైదు సార్లు పేల్చి, గాలి పూర్తిగా వదిలాక విప్పి చూడండి: రింగుపై లోతైన గుండ్రటి గాటు కనిపిస్తే నీరు చాలినంత ఆపడం లేదని అర్థం, అప్పుడు ముక్కును కొద్దికొద్దిగా లావు చేయాలి. గొట్టంలోకి నీరు రానివ్వని పొడి రకం తుపాకులకు ఈ పద్ధతి పనికిరాదు. ఒడ్డున, గాలిలో, ఎన్నడూ పేల్చవద్దు.