అమెరికా ప్రభుత్వ కాంట్రాక్టు ఉద్యోగంలో జీతం సరిగ్గా పడుతోందో లేదో చూసుకోవడం ఎలా?

ఫెడరల్ ఆఫీసు గేటు దగ్గర గార్డు, సైనిక స్థావరంలో వంటమనిషి, ప్రభుత్వ శాఖకు పనిచేసే హెల్ప్‌డెస్క్ ఉద్యోగి. వీళ్లకు జీతమిచ్చేది ప్రైవేటు కంపెనీ, ఆ డబ్బు మాత్రం సర్కారుది. టెండరు దక్కించుకోవడానికి కంపెనీలు కూలి తెగ్గోయకుండా 1965లో సర్వీస్ కాంట్రాక్ట్ యాక్ట్ తెచ్చారు. కాంట్రాక్టు 2,500 డాలర్లు దాటితే, ఆ ప్రాంతంలో ఆ పనికి నడుస్తున్న రేటు ఇచ్చి తీరాలి. మేనేజర్లకు, చట్టం ప్రొఫెషనల్స్‌గా లెక్కగట్టే ఉద్యోగులకు ఇది వర్తించదు.

1. ముందు ‘వేజ్ డిటర్మినేషన్’ సంపాదించండి, అంటే మీ ప్రాంతంలో ఏ పనికి ఎంత ఇవ్వాలో కార్మిక శాఖ రాసిచ్చే పత్రం. పనిచేసే చోట అతికించాలి, లేదా మీ చేతికివ్వాలి. ప్రభుత్వ కాంట్రాక్టుల సైటు శామ్ డాట్ గవ్ (sam.gov)లోనూ దొరుకుతుంది. అయితే అక్కడ కనబడే కొత్త పత్రం మీ కాంట్రాక్టులో ఉన్నది కాకపోవచ్చు. అందుకే మీ కాంట్రాక్టులోని పత్రం నంబరు, అది ఎన్నో సవరణో (రివిజన్) రెండూ కంపెనీని అడగండి.

2. అందులో మీ హోదా వెతకండి. ఆఫర్ లెటర్లో ఏం రాశారన్నది పక్కన పెట్టి, రోజూ చేసే పని చూడండి. గార్డుల్లోనే 27101, 27102 అనే కోడ్‌లతో రెండు మెట్లున్నాయి, రేట్లు వేరు.

3. ఇప్పుడు పే స్లిప్ తీయండి. ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. మూల వేతనం కాక ‘హెల్త్ అండ్ వెల్ఫేర్’ అని, ఇన్సూరెన్స్ లాంటి సదుపాయాల కోసం గంటకింత వేరే ఉంటుంది. ఉదాహరణకు మూల రేటు 20 డాలర్లు, ఇది 5 డాలర్లు అనుకోండి. ఆ 5 ఇన్సూరెన్స్ రూపంలో ఇవ్వొచ్చు, నగదుగానూ ఇవ్వొచ్చు. కానీ ‘నీకు 23 ఇస్తున్నాంగా, ఆ ఎక్కువ 3 ఇందులో కలుపుకో’ అంటే చెల్లదు. నగదుగా ఇస్తే దాన్ని విడిగా చూపాల్సిందే. మామూలుగా వారానికి 40 గంటల వరకే ఇది వస్తుంది, ఓవర్‌టైమ్ గంటలకు అడగకండి.

4. సెలవుల లెక్క చూడండి. కాంట్రాక్టు చేతులు మారి, మీరు అదే చోట అదే పనిలో కొనసాగుతుంటే పాత కంపెనీ దగ్గర చేసిన సర్వీసు కూడా కలుస్తుంది. ‘మా దగ్గర ఏడాది నిండలేదు’ అన్న సాకు పనికిరాదు.

5. తేడా కనబడితే ముందు హెచ్‌ఆర్‌ను ఈమెయిల్‌లో అడగండి, నోటిమాటగా వద్దు. కదలకపోతే కార్మిక శాఖ వేజ్ అండ్ అవర్ డివిజన్‌కు 1-866-487-9243లో ఫోన్ చేయండి. మీ పేరు గోప్యంగా ఉంచుతారు. మీ కంపెనీ వేరే కాంట్రాక్టర్ కింద పనిచేసే సబ్ కాంట్రాక్టరైతే బకాయికి ప్రధాన కాంట్రాక్టర్ కూడా బాధ్యుడే, కాబట్టి ఆ కంపెనీ పేరు కూడా చెప్పండి.