చెనక్కాయలో ఎర్రనల్లి: ముందు ఆకు తిప్పి చూడండి

మాది కళ్యాణదుర్గం వైపు ఎర్రనేల. రబీలో బోరు కింద వేసిన చెనక్కాయకు (వేరుశనగకు), ఫిబ్రవరి దాటి ఎండ ముదిరితే ఎర్రనల్లి, అంటే ఆకు రసం పీల్చే కంటికి ఆనని పురుగు, బెడద మొదలవుతుంది. ఖరీఫ్‌లో కూడా వాన ఎగ్గొడితే వస్తుంది గానీ, ఒక గట్టి వాన పడితే చాలావరకు కొట్టుకుపోతుంది.

ఆకు పసుపు తిరిగిందని వెంటనే మందుల అంగడికి పరుగెత్తొద్దు. లేత ఆకు పాలిపోయి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుము లోపం. ఆకు కొన 'వి' ఆకారంలో పసుపైతే పచ్చదోమ. నల్లికైతే ఆకంతా రవ్వ చల్లినట్టు సన్నని తెల్ల చుక్కలు వస్తాయి. తెల్ల కాగితం మీద కొమ్మను తట్టండి, కాగితం మీద రాలిన చుక్కలు కదిలితే నల్లే. అద్దాలు పెట్టుకున్నా నాకు సరిగా కనపడవు, మా వాడి ఫోన్‌లో జూమ్ చేసి చూస్తా.

దారి పక్కన దుమ్ము పడే సాళ్లు, బెండ, వంగ మడుల పక్క సాళ్లు ముందు చూడండి. అక్కడే పట్టేస్తే చేనంతా కొట్టే ఖర్చు తప్పుతుంది. చేను బెట్టకు రాకుండా తడి ఇవ్వండి. స్ప్రింక్లర్లు ఉంటే పొద్దునే తిప్పండి. రాత్రంతా ఆకు తడిగా ఉంటే తిక్కా ఆకుమచ్చ తెగులుకు మనమే పిలుపు పంపినట్టు.

సైపర్‌మెత్రిన్ లాంటి పురుగుమందులు కొడితే నల్లి తగ్గకపోగా, దాన్ని తినే అక్షింతల పురుగులు చచ్చి ఇంకా రేగుతుంది. నల్లికి వాడే డైకోఫాల్ మందును 2023లోనే నిషేధించారు, పాత సీసా ఎవరైనా అంటగడితే తీసుకోకండి.

నేను మొదట వాడేది నీళ్లలో కలిసే గంధకం పొడి. లీటరుకు 3 గ్రాములు, అంటే 15 లీటర్ల ట్యాంకుకు 45. నాజిల్ పైకి తిప్పి ఆకు అడుగు తడిసేలా కొట్టాలి, నల్లి ఉండేది అక్కడే. మిట్ట మధ్యాహ్నం కొడితే ఆకు మాడుతుంది. వేపనూనె కొట్టి ఉంటే రెండు వారాలు ఆగండి. గుడ్లు మిగిలిపోతాయి కాబట్టి వారం తర్వాత మళ్లీ ఆకు తిప్పి చూడాలి. నల్లి ఆకుల మీద గూళ్లు అల్లేదాకా ముదిరితే ప్రొపార్‌గైట్ అనే నల్లిమందు లీటరుకు 2 మిల్లీలీటర్లు. అదే మందు మళ్లీ మళ్లీ వద్దు.

కాయ పీకే ముందు కొట్టాల్సి వస్తే మందు కొట్టాక ఎన్నాళ్లు ఆగి పీకాలో సీసా మీద రాసిన గడువు చదవండి. కాయ తీసిన చెనక్కాయ కట్టె మేతగా తినేది మన ఎద్దులూ బర్రెలే కదా.