కాంఫ్రే ఆకు రసం: కంపు, దోమలు లేకుండా

కుండీలోని టమాటకు ముదురాకుల అంచులు మాడుతుంటే పొటాష్ తక్కువైందేమో చూడాలి. దానికని పొటాష్ ఎక్కువుండే కాంఫ్రే (నూగాకుల మొక్క) ఆకును ద్రవ ఎరువు కోసం నీళ్లలో నానబెట్టడం, మూత బిగించడం, బెల్లం కలపడం అన్నీ అయినయి. కంపు, దోమలు తగ్గలేదు.

చివరికి పనిచేసింది నీళ్లే పోయకపోవడం. 20 లీటర్ల పెయింట్ బకెట్ అడుగున చిన్న రంధ్రం పెట్టి, కొబ్బరి పీచు పరవాలి, లేకుంటే రంధ్రం పూడుతది. పూతకు ముందు కోసిన ఆకును ముక్కలు చేసి నిండా కుక్కాలి. నూగుకు చేతులు దురదపెడతయి, గ్లౌజులు వేసుకోవాలి. పైన ఇటుక, మూత, కింద డబ్బా. నీడలో రెండు మూడు వారాలకు నల్లటి రసం దిగుతది. ఒక వంతుకు 15 వంతుల నీళ్లు కలిపి, తడి మట్టిలోనే పోయాలి.

ఇది నల్లగొండ చెల్క మట్టి కుండీల్లో కుదిరింది. నల్లరేగడిలో ఇట్లనే ఉంటదని చెప్పలేను. వంటకు మాత్రం వద్దు, ఇందులోని ఆల్కలాయిడ్లు కాలేయాన్ని దెబ్బతీస్తయి.