డిక్కీలో నీళ్లు: తడి ఒకచోట, చిల్లు ఇంకోచోట

అలిపిరి దగ్గర తనిఖీకి డిక్కీ తీసినప్పుడు మాకు మొదటిసారి తెలిసింది. నానిన గోనెసంచిలా ముక్కిన వాసన గుప్పుమని కొట్టింది. అమ్మ కొండకు తెచ్చుకున్న బట్టల సంచి అడుగంతా తడిసిపోయింది. వాన ముందు రోజు రాత్రే ఆగిపోయింది కదా, ఈ తడి ఎక్కడిదని కార్పెట్ ఎత్తి చూస్తే, స్టెప్నీ గుంతలో నాలుగు వేళ్ల లోతు నీళ్లు. తుప్పు కలిసి టీ డికాక్షన్ రంగులో ఉన్నాయి. జాకీ సగం మునిగి ఉంది.

కిందికి వచ్చాక ఒక షాపులో చూపిస్తే, డిక్కీ రబ్బరు చుట్టూ సిలికాన్ పట్టించి పంపించారు. తర్వాతి వానకు మళ్లీ అవే నీళ్లు. చిల్లు ఎక్కడుందో కనుక్కోకుండా పూత పూస్తే డబ్బులు పోతాయి, నీళ్లు మాత్రం పోవు. నీళ్లు బాడీ లోపల రేకు అంచు పట్టుకుని, వైరు పట్టుకుని జారి, ఎక్కడ పల్లముంటే అక్కడ చేరతాయి. అందుకే తడి కనిపించిన చోటే చిల్లు ఉందనుకోకండి.

ముందు గుర్తులు చూడండి

పొద్దున్నే వెనక అద్దానికి లోపలి వైపు ఆవిరి పడుతుంటే, ఘాట్ రోడ్డు మలుపుల్లో వెనక గుడగుడమని చప్పుడు వస్తుంటే, పానా, జాకీ తుప్పు పడుతుంటే డిక్కీలో నీళ్లున్నాయనే అనుకోవచ్చు. గుంత బాగా నిండితే, కొండ దిగేటప్పుడు నీళ్లు ముందుకు పొర్లి వెనక సీటు కింద కార్పెట్ కూడా తడవొచ్చు. అప్పుడు తలుపు రబ్బరు పోయిందని పొరబడతాం.

నీళ్ల రంగు కూడా చూడండి. అడుగున మెత్తటి ఒండ్రు, గోడల మీద మట్టి గీత ఉంటే నీళ్లు కింది నుంచి వచ్చినట్టు. 2021 నవంబరు వరదలప్పుడు తిరుపతి వీధుల్లో నీళ్లలో నిలబడిపోయిన కార్ల సంగతి ఇదే. స్టెప్నీ గుంత అడుగున ఉండే రబ్బరు మూత ఊడిపోయినా, బంపర్ వెనక గాలి పోయే ఫ్లాపులు విరిగినా కింది నీళ్లు లోపలికి వస్తాయి. మట్టి లేకుండా తేటగానో, తుప్పు రంగులోనో ఉంటే పైనుంచి కారుతున్నట్టే.

వాన పడకుండానే తడి వస్తోందా? హ్యాచ్‌బ్యాక్ అయితే వెనక వైపర్‌కు నీళ్లు తీసుకెళ్లే సన్నటి పైపు చూడండి. డిక్కీ తలుపు మడత దగ్గర అది పగులుతుంది. పైపు ముక్క మారిస్తే సరిపోతుంది.

నీళ్లు పట్టి చూడటం

స్టెప్నీ, కార్పెట్, పక్కల ప్లాస్టిక్ ప్యానెళ్లు అన్నీ తీసి, గుడ్డతో పొడిగా తుడవండి. తడి మీద తడి వెతకలేం. డిక్కీ లోపలి గోడలకు, ముఖానికి రాసుకునే పౌడర్ పల్చగా అద్దండి, అడుగున పేపర్లు పరవండి. చుక్క జారితే పౌడర్ మీద గీత పడుతుంది.

పైపుతో నీళ్లు పట్టేటప్పుడు ఎప్పుడూ కింది నుంచి మొదలుపెట్టి పైకి వెళ్లాలి. మొదట వెనక బంపర్ పక్కలు, తర్వాత టెయిల్ ల్యాంపులు, డిక్కీ అంచు, వెనక అద్దం, చివరికి పైకప్పు. పైనుంచి మొదలుపెడితే అన్నీ ఒకేసారి తడుస్తాయి, ఏది కారుతోందో తేలదు. ఒక్కోచోట కనీసం ఐదు నిమిషాలు పట్టండి. ప్రెషర్ వాష్ మాత్రం వద్దు. మంచి రబ్బరు గుండా కూడా అది నీళ్లు తోస్తుంది.

లోపల మనిషి ఉండి చూస్తే మేలు. వెనక సీటు మడిచి, కారు తలుపు తీసిపెట్టి, తాళం లోపలి మనిషి దగ్గరే ఉంచాలి. పిల్లల్ని ఈ పనికి అసలు పెట్టొద్దు. సీటు మడవలేని కారైతే ఫోన్‌లో లైటు, వీడియో ఆన్ చేసి లోపల పెట్టి మూయండి.

నేను టార్చితో లోపల కూర్చుంటే తమ్ముడు బయట పైపు పట్టాడు. "న్నా, పడతా ఉందా?" అని అడుగుతూనే ఉన్నాడు. బంపర్ దగ్గర ఏమీ లేదు. ఎడమ టెయిల్ ల్యాంపు మీద మూడో నిమిషంలో, కింది నట్టు చివర ఆవగింజంత చుక్క మెరిసింది. అది ఉబ్బి, వైరు మీదికి ఎక్కి, జానెడు దూరం జారి గుంతలో పడింది. రబ్బరు బీడింగ్‌కూ దానికీ సంబంధమే లేదు.

దొరికాక ఏం చేయాలి

టెయిల్ ల్యాంపు వెనక గ్యాస్కెట్, అంటే నీళ్లు ఆపే ఫోమ్ లేదా రబ్బరు పట్టీ, నలిగి పోవడం చాలా మామూలు. మన ఎండలకు ఫోమ్, రబ్బరు గట్టిపడతాయి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండం వానలు వచ్చినప్పుడు ఆ సంగతి బయటపడుతుంది. నట్లు విప్పి, కనెక్టర్ తీసి, ల్యాంపు బయటికి లాగండి. పాత జిగురంతా గోకి, కొత్త గ్యాస్కెట్ గానీ, జిగురుండే బ్యూటైల్ రబ్బరు టేప్ గానీ తెగకుండా చుట్టూ వేయండి. నట్లన్నీ కొంచెం కొంచెంగా సమానంగా బిగించాలి. ఒకదాన్నే గట్టిగా బిగిస్తే ప్లాస్టిక్ పగులుతుంది.

డిక్కీ రబ్బరు మీద అనుమానముంటే కాగితం ముక్క మధ్యలో పెట్టి మూసి లాగండి. మిగతా చోట్ల పట్టుకుని, ఒకచోట మాత్రం సులువుగా జారి వస్తే అక్కడ పట్టు లేనట్టు. బీడింగ్ ఊడి ఉంటే అదిమి కూర్చోబెట్టండి. తలుపు వదులుగా ఉంటే లాక్ కొక్కెం సర్దించండి. చీలితే మార్చడమే. ఇంజిన్ ఆయిల్, కిరసనాయిలు రాయకండి, రబ్బరు ఉబ్బి పాడవుతుంది. సిలికాన్ గ్రీజు వాడొచ్చు.

తర్వాత పెట్టించిన సామాన్ల రంధ్రాలు మర్చిపోవద్దు: రివర్స్ కెమెరా వైరు, స్పాయిలర్ బోల్టులు, పైన లగేజీ క్యారియర్. కొండకు తిరిగే ట్రావెల్స్ కార్లలో అన్నిటికంటే మొదట క్యారియర్ బోల్టులే చూడాలంటాను. యాంటెన్నా అడుగు, వెనక అద్దం పైన ఉండే బ్రేక్ లైటు కూడా ఇదే కోవ. అక్కడ దిగిన నీళ్లు పైకప్పు గుడ్డ వెనకగా నడిచి డిక్కీ మూలలో తేలతాయి. సన్‌రూఫ్ ఉంటే దాని మూలల్లో అర గ్లాసు నీళ్లు పోసి, అవి డ్రైన్ గొట్టాల గుండా కారు కింద పడుతున్నాయో లేదో చూడండి. పడకపోతే గొట్టం మూసుకుపోయినట్టో, ఊడినట్టో.

వెనక గుద్దుకుని టింకరింగ్ చేయించిన కారైతే రేకుల అతుకుల్లో సీలర్ పగిలి ఉండొచ్చు. తుప్పు గీకి, ప్రైమర్ కొట్టి, పాలీయురిథేన్ సీమ్ సీలర్ వేయించాలి. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ ఇనుముకు తగలనివ్వొద్దు, తుప్పు పట్టిస్తుంది.

ఆరబెట్టడంలో తొందరపడకండి. అడుగున రబ్బరు మూత తీసి నీళ్లు వదిలి, తుడిచాక గుర్తుగా మళ్లీ పెట్టండి. కార్పెట్ పైన ఆరినా కింది స్పాంజి తడిగానే ఉంటుంది, తిరగేసి రెండు మూడు ఎండలు చూపించాలి. వాసనకు సెంటు కొట్టి కప్పిపెట్టొద్దు. డిక్కీలో బ్యాటరీ ఉండే కారైతే నీళ్లు పట్టే ముందే దాని కనెక్షన్ తీయించండి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు వైర్ల జోలికి పోకుండా మెకానిక్‌కే వదిలేయండి.

అన్నీ బిగించే ముందు అదే చోట పది నిమిషాలు మళ్లీ నీళ్లు పట్టండి. మేం ఆ తర్వాత కూడా స్టెప్నీ కింద ఒక పేపరు మడిచి ఉంచాం. రెండు రోజులు ముసురు పట్టాక తీసి చూస్తే మడత లోపల కూడా తడి లేదు. అప్పుడే కార్పెట్ పరిచాం.