హమ్మింగ్ తీసేసే ముందు దాన్ని కొలవండి

పాత రాక్ కచేరీ వీడియోల సౌండ్ బాగు చేయమని నల్గొండలో నా దగ్గరికి వచ్చే టేపులు ఎక్కువగా రెండు రకాలు. 90లలో కేబుల్ టీవీలో వచ్చినప్పుడు వీసీఆర్‌లో ఎక్కించుకున్నవి ఒకటి, అమెరికాలో ఉన్న బావో బాబాయో రికార్డు చేసి పంపినవి రెండోది. నడుమ మిర్యాలగూడ, దేవరకొండ వైపు నుంచి వినాయక చవితి ఆర్కెస్ట్రా టేపులు కూడా వస్తుంటాయి. హెడ్ (వీసీఆర్‌లో టేపును చదివే భాగం) క్లీనింగ్, కంప్యూటర్‌లోకి ఎక్కించడం, ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వాడకం మీకు వచ్చనే అనుకుంటున్నాను. హెడ్ తుడవకుండానే "సాఫ్ట్‌వేర్‌లో ఏమన్నా సెట్టింగ్ చెప్పన్నా" అని ఫోన్ చేసేవాళ్లు ముందు ఆ పని చేసి రండి.

సమస్య: కింద నుంచి గుయ్యిమని హమ్మింగ్

టేపు ఆపండి. హమ్మింగ్ ఇంకా వినిపిస్తోందా? అయితే అది టేపులో లేదు, మీ ఇంట్లో ఉంది. చాలాసార్లు దొంగ లాప్‌టాప్ చార్జరే. చార్జర్ పీకేసి బ్యాటరీ మీద ఎక్కించండి. డెస్క్‌టాప్ అయితే వీసీఆర్‌ను, కంప్యూటర్‌ను ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టండి, ఆ బోర్డుకు ఎర్తింగ్ ఉందో లేదో చూడండి. పది సెకన్ల పరీక్ష ఇది. ఇది చేయకుండా గంటల తరబడి నాయిస్ రిడక్షన్ తిప్పేవాళ్లను చూస్తే విసుగొస్తుంది.

టేపు ఆపగానే హమ్మింగ్ కూడా ఆగిందంటే ఇంకో చిన్న పరీక్ష. హైఫై వీసీఆర్ అయితే ఆడియో బటన్‌తో హైఫై నుంచి నార్మల్‌కు మార్చి వినండి. ట్రాకింగ్ (హెడ్ టేపు మీది గీతల వెంట సరిగ్గా నడవడం) సరిగా లేనప్పుడు హైఫై హెడ్లు మారే చోట జర్రుమనే శబ్దం పుడుతుంది. మన టీవీ పద్ధతి అయిన పాల్ టేపులో అది సరిగ్గా 50 హెర్ట్జ్ (సెకనుకు 50 సార్లు) దగ్గర ఉంటుంది, మన కరెంటు కూడా 50 హెర్ట్జే కాబట్టి కరెంటు హమ్మింగ్ అనుకుని మోసపోతారు. ట్రాకింగ్ సరిచేస్తే చాలావరకు పోతుంది.

నార్మల్‌లో కూడా ఉందంటే అది కచేరీ రోజునో, కాపీ తీసిన రోజునో సౌండ్‌లో కలిసిపోయిన హమ్మింగ్. ఇక్కడే అందరూ తొందరపడి దాన్ని తుడిచేస్తారు. తుడవకండి, కింద దాంతో పనుంది.

సమస్య: పాట అదే, కానీ గొంతు సన్నగా, డ్రమ్స్ హడావిడిగా

అసలు సతాయించేది ఇదే, ఎందుకంటే ఇది చెడిపోయిన సౌండ్‌లా వినిపించదు. శుభ్రంగానే ఉంటుంది. ఆల్బమ్ పక్కన పెట్టి వింటేనో, కీబోర్డు ముందేసుకుని వాయిస్తేనో తేడా బయటపడుతుంది. అప్పటికే చాలామంది ఈక్వలైజర్‌లో బేస్ పెంచి, ట్రెబుల్ తగ్గించి, గొంతును 'లావు' చేసే ప్రయత్నంలో ఉంటారు.

కారణం స్పీడ్. 60లు, 70లలోని పెద్ద కచేరీలు చాలావరకు ఫిల్ము మీద, సెకనుకు 24 ఫ్రేములతో తీశారు. మన దేశంలోనూ యూరప్‌లో చాలా దేశాల్లోనూ టీవీ నడిచింది 25 ఫ్రేముల పాల్ పద్ధతిలో. ఆ ఒక్క ఫ్రేము తేడాను సర్దడానికి ఫిల్మును 25తో పరిగెత్తించేవాళ్లు. దాంతో సౌండ్ సుమారు 4 శాతం వేగంగా, దాదాపు 0.7 సెమిటోన్ (కీబోర్డులో పక్కపక్క మెట్ల మధ్య దూరం ఒక సెమిటోన్) పైకి పోతుంది. కేబుల్ నుంచి ఎక్కించుకున్న టేపుల్లో ఈ తేడా అలాగే ఉండిపోతుంది. అమెరికా టేపుల్లో ఫ్రేములను వేరే రకంగా సర్దుతారు కాబట్టి ఈ గొడవ ఉండదు.

వీసీఆర్‌ను మాత్రం అనుమానించకండి. టేపు అంచున రికార్డయ్యే కంట్రోల్ ట్రాక్ అనే గుర్తుల వరుస దాని స్పీడ్‌ను పట్టి ఉంచుతుంది.

"గిటారు శ్రుతి చూసి కనిపెట్టొచ్చు కదా" అంటారు. ఆ లెక్క మీద ఆధారపడితే దెబ్బతింటారు. జిమీ హెండ్రిక్స్ లాంటి రాక్ గిటారిస్టులు గిటారును తరచూ అర సెమిటోన్ కాదు, పూర్తి సెమిటోన్ కిందికి దించి వాయించేవారు. అలాంటి గిటారు 0.7 సెమిటోన్ పైకి ఎక్కితే మామూలు శ్రుతికి దగ్గరగా, కొంచెం తగ్గినట్టు వినిపిస్తుంది. అప్పుడు మీరు ఇంకా పైకి లాగుతారు. తప్పు రెట్టింపవుతుంది.

హమ్మింగ్ పని ఇక్కడ. అమెరికా కరెంటు 60 హెర్ట్జ్, బ్రిటన్‌లో 50. స్టేజీ మీది ఆంప్లిఫయర్ల హమ్మింగ్ ఆ అంకె మీదే పుడుతుంది. ఫిల్ము 4 శాతం పరిగెత్తితే హమ్మింగ్ కూడా దాంతో పాటే పరిగెత్తుతుంది: 60 కాస్తా 62.5 అవుతుంది, 50 అయితే సుమారు 52.1. దాన్ని ముందే తుడిచేస్తే వేలిముద్రలు తుడిచేసి దొంగను వెతికినట్టు ఉంటుంది.

కొలిచే విధానం: పాటకూ పాటకూ మధ్య, జనం అరుపులు తక్కువగా ఉన్న చోటు సెలెక్ట్ చేసి ఆడాసిటీలో ప్లాట్ స్పెక్ట్రమ్ (ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత శబ్దం ఉందో చూపే గ్రాఫు) తెరవండి. సైజు 65536 పెట్టండి, తక్కువ పెడితే 60కీ 62కీ తేడా కనపడదు. కింది అంకె బలహీనంగా ఉంటే రెండో, మూడో రెట్టు చూడండి: 120 ఉండాల్సిన చోట 125, 180 ఉండాల్సిన చోట 187.5. పైకి పోయే కొద్దీ తేడా స్పష్టం. పక్కనే సరిగ్గా 50 దగ్గర ఇంకో గీత లేచిందంటే అది మన దగ్గర కాపీ తీసినప్పుడు కలిసింది, లెక్కలోకి తీసుకోకండి.

బాగు చేయడం తేలికే. చేంజ్ స్పీడ్ అండ్ పిచ్‌లో మైనస్ 4 శాతం. చేంజ్ టెంపో కాదు, చేంజ్ పిచ్ కాదు. ఆ రెండూ సగం పనే చేస్తాయి. వీడియోను కూడా 24 ఫ్రేములకు దించాలి, లేకపోతే పెదవులు ఒకచోట, పాట ఒకచోట ఉంటాయి. గంట టేపు 62 నిమిషాల 30 సెకన్లు అవుతుంది. హమ్మింగ్ 60కి వచ్చి కూర్చుందని చూసుకున్నాక అప్పుడు ఆ ఒక్క అంకె దగ్గరి శబ్దాన్నే కోసే నాచ్ ఫిల్టర్ వేయండి, సన్నగా. బేస్ గిటారు బి నోటు 61.7 దగ్గరే ఉంది, వెడల్పుగా కోస్తే అది కూడా పోతుంది.

ఒక జాగ్రత్త. జనరేటర్ మీద నడిచిన కచేరీ అయితే ఈ కొలత నమ్మొద్దు. మన ఆర్కెస్ట్రా టేపులకు ఈ మాట రెండింతలు వర్తిస్తుంది: మండపాల్లో సగం జనరేటర్లే, పైగా 90లలో దక్షిణాది కరెంటు గ్రిడ్ 50కి బాగా కింద నడిచిన రోజులు చాలా ఉన్నాయి. 48.5 కనిపించగానే టేపు స్లో అయిందని అనుకోకండి. అక్కడ హార్మోనియం నమ్మండి, దాని శ్రుతి అంత తేలిగ్గా మారదు.

మిగతావి

సౌండ్ దుప్పటి కప్పినట్టు ఉంటే ఆడియో హెడ్ వాలు తప్పింది, ఇంకో వీసీఆర్‌లో వేసి చూడండి. ఫోన్‌లో వింటే గాయకుడే మాయమైతే ఒక చానల్ తలకిందులైంది, ఇన్వర్ట్ చేయండి. మరీ దెయ్యం గొంతులా సాగదీస్తే అది అమెరికా టీవీ పద్ధతి అయిన ఎన్‌టీఎస్‌సీలో తీసిన టేపు, మీ వీసీఆర్ పాల్ మాత్రమే చదువుతోంది. ఒకటిన్నర సెమిటోన్ తేడా ఉంటే కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు పెట్టే శాంపిల్ రేటు, అంటే 44.1, 48 కిలోహెర్ట్జ్ సెట్టింగులు తారుమారయ్యాయి. టేపు మీద తెల్లటి బూజు కనిపిస్తే మాత్రం ఏ వీసీఆర్‌లోనూ పెట్టకండి, ఆ బూజు హెడ్‌కు అంటుకుని తర్వాత వేసే టేపులకూ పాకుతుంది.