స్పేస్ గేమ్‌లను పోల్చడం నేర్చుకుందాం – మూడో పాఠం: ఒకే లోడు, నాలుగు ఆటలు

మొదటి రెండు పాఠాల్లో ఆటకు ఎంత ఖర్చవుతుంది, మన కంప్యూటర్ దాన్ని లాగగలదా అన్నవి చూశాం. ఈసారి అసలు సంగతి: ఆడుతుంటే ఎలా ఉంటుంది?

ఇక్కడే చాలామంది అంకెల్లో పడిపోతారు. ఎలైట్ డేంజరస్‌లో 40 వేల కోట్ల నక్షత్ర వ్యవస్థలు, నో మ్యాన్స్ స్కైలో అంతకన్నా ఎన్నో రెట్లు గ్రహాలు. సరే. మిర్యాలగూడలో డ్యూటీ దిగొచ్చి రాత్రి గంటసేపు ఆడే తమ్ముడు “అన్నా, ఏది బాగుంటది?” అని అడిగితే ఈ అంకెలు వాడికేం చెబుతాయి?

నా పద్ధతి వేరు. ఒకే పనిని అన్ని ఆటల్లోనూ చేసి చూడాలి. సరుకు రవాణా దీనికి బాగా పనికొస్తుంది, ఎందుకంటే దాదాపు ప్రతి స్పేస్ గేమ్‌లోనూ అది ఉంటుంది. నల్లగొండ బత్తాయి లోడు హైదరాబాద్ చేరినట్టే ఇదీ: ఎక్కించాలి, తోలాలి, దించాలి, డబ్బు లెక్క చూసుకోవాలి. ఆడుతూ నోట్‌బుక్‌లో నాలుగు ప్రశ్నలకు జవాబు రాయండి. చేతులకు ఎంత పని? ఎంతసేపు ఖాళీగా చూస్తూ కూర్చోవాలి? ఓడ పేలితే ఏం పోతుంది? ఆట మూసేశాక లోపల ఏం జరుగుతుంది?

ఎలైట్‌తో మొదలుపెడదాం. 2014లో వచ్చిన ఈ ఆటలో మీరు డ్రైవరు. స్టేషన్ దగ్గరికొచ్చాక దిగడానికి అనుమతి అడగాలి, తిరుగుతున్న స్టేషన్ ద్వారంలోంచి దూరాలి, మీకిచ్చిన ప్యాడ్ మీద ఓడను నెమ్మదిగా ఆనించాలి. మొదటి రోజుల్లో ఇదే పెద్ద టెన్షన్. అలవాటయ్యాక ఇదే మజా. దూరప్రయాణం మాత్రం ఓపికకు పరీక్ష. ఆల్ఫా సెంటారీ అనే నక్షత్ర వ్యవస్థలో హట్టన్ ఆర్బిటల్ అనే స్టేషన్ ఉంది. ఆ వ్యవస్థలోకి దూకాక కూడా ఇంకా 0.22 కాంతి సంవత్సరాలు పోవాలి, అంటే మామూలు ఇంజన్‌తో గంటకు పైనే. అక్కడికి లోడు ఒప్పుకునే ముందు దూరం చూసుకోకపోతే ఆ రాత్రి అయిపోయినట్టే. ఓడ పేలితే దాని విలువలో 5 శాతం కట్టి మళ్లీ తెచ్చుకోవచ్చు, లోపలి సరుకు మాత్రం పోయినట్టే. ఒంటరిగా ఆడే మోడ్‌కు కూడా నెట్ కావాలి. కాబట్టి మీ ఊళ్లో కరెంటు, నెట్ ఎలా ఉంటాయో కూడా నోట్‌బుక్‌లో రాయాల్సిన సంగతే.

2003లో ఐస్‌లాండ్ కంపెనీ సీసీపీ తెచ్చిన ఈవ్ ఆన్‌లైన్‌లో అదే పని పూర్తిగా వేరే అనుభవం. స్టీరింగ్ పట్టాల్సిన పనే లేదు. జాబితాలో గేటును (ఒక నక్షత్ర వ్యవస్థ నుంచి ఇంకోదానికి దూకించే ద్వారం) ఎంచుకుని నొక్కితే ఓడ తనే పోతుంది. చేతులకు పని తక్కువ, బుర్రకు ఎక్కువ. సర్వర్ లెక్కలన్నీ సెకనుకోసారి జరుగుతాయి కాబట్టి నెట్ కాస్త మందగించినా పెద్ద నష్టం లేదు. నష్టం మనుషుల వల్ల వస్తుంది. సురక్షితమని చెప్పే ప్రాంతంలో కూడా ఎవరైనా మీ మీద దాడి చేయొచ్చు. కాంకార్డ్ అనే పోలీసులు వచ్చి దాడి చేసినవాణ్ని పేల్చేస్తారు గానీ, అప్పటికే మీ ఓడ పోయుంటే తిరిగి రాదు. అందుకే ఇక్కడ లోడు తోలడమంటే ఎంత విలువ ఒకేసారి మోయాలో తేల్చుకోవడం. నా లెక్కలో ఈ నాలుగింటిలో గుండె దడ పుట్టించేది ఇదే, తెర మీద ఏమీ జరగనట్టు కనిపిస్తూనే. ఆట మూసేసినా నైపుణ్యాల శిక్షణ సాగుతుంది, అమ్మకానికి పెట్టిన సరుకు అమ్ముడుపోతూ ఉంటుంది. ఒక చిన్న సూచన: సర్వర్‌ను రోజూ మన టైమ్ ప్రకారం సాయంత్రం నాలుగున్నరకు కాసేపు ఆపుతారు, ఆ సమయానికి ప్రయాణం పెట్టుకోకండి.

నో మ్యాన్స్ స్కై గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. బటన్ నొక్కితే ఓడ తనే దిగుతుంది. సాధారణ మోడ్‌లో చచ్చిపోయినా, చనిపోయిన చోటికి వెళ్లి సామాను తెచ్చుకోవచ్చు. నెట్ లేకుండానూ ఆడొచ్చు. లోడు కోసం ఆడే ఆట కాదిది, దారిలో ఆగి చూసే ఆట.

నాలుగో ప్రశ్న ఎంత ముఖ్యమో అర్థం కావాలంటే ఓగేమ్ చూడండి. 2002 నాటి జర్మన్ బ్రౌజర్ ఆట, ఫోన్లో కూడా నడుస్తుంది. పంపిన ఓడలు నిజమైన గంటల లెక్కన ప్రయాణిస్తాయి. ఓడలను, వనరులను మీ గ్రహం మీదే వదిలి పడుకుంటే పొద్దున్నకు ఎవడో దోచుకుపోయి ఉండొచ్చు. అందుకే తెలిసినవాళ్లు పడుకునే ముందు ఓడల్లో సరుకంతా నింపి, తాము లేచే వేళకు తిరిగొచ్చేలా ఎక్కడికో పంపేస్తారు. ఇక్కడ ఆట మీ నిద్ర వేళల్ని కూడా అడుగుతుంది.

ఇక పోలిక రాయడం. “ఎలైట్ కన్నా ఈవ్ కష్టం” అనే వాక్యం పనికిరాదు. “ఎలైట్‌లో కష్టం ఓడ దించేటప్పుడు, ఈవ్‌లో బయల్దేరే ముందే” అని రాస్తే, చదివినవాడు తనకేది సరిపోతుందో తేల్చుకోగలడు.

అభ్యాసం: ఈవ్‌లో ఉచిత ఖాతా దొరుకుతుంది, ఓగేమ్ కూడా డబ్బు కట్టకుండా మొదలుపెట్టొచ్చు. ఈ రెండింటిలో ఒక్కో లోడు తోలి, నాలుగు ప్రశ్నలకు జవాబులు రాయండి. గ్రాఫిక్స్ అనే మాట ఎక్కడా వాడకూడదు. వచ్చే పాఠంలో ఇదే లోడును ఇద్దరు కలిసి తోలి చూద్దాం, ఆలోగా జత కోసం ఒక దోస్తును ఒప్పించి పెట్టుకోండి.