పిల్లల డ్రెస్ కుట్టే ముందు ఇవి చూసుకోండి

చిన్నపిల్లల వేషధారణ పోటీ దగ్గర పడుతోందా? బట్ట మీద కత్తెర పెట్టే ముందు ఒక్కసారి ఇవి చూడండి.

• మెడ దగ్గర తాడు వద్దే వద్దు. జారుడుబల్లకో, తలుపు గడియకో చిక్కుకుంటే గొంతుకు బిగుసుకుంటుంది. యూరప్ భద్రతా ప్రమాణం ఈఎన్ 14682 కూడా 7 ఏళ్లలోపు పిల్లల బట్టల్లో మెడ, టోపీ దగ్గర తాళ్లు ఉండకూడదంటుంది. రాజు వేషానికి వెనక వేలాడే గుడ్డ కావాలంటే భుజాల దగ్గర వెల్‌క్రోతో పెట్టండి. లాగగానే ఊడిరావాలి. పిల్లలకు వేసే ముందు మీరే లాగి చూడండి.

• మూడేళ్లలోపు వాళ్లకు పూసలు, చిన్న గుండీలు వద్దు. ఊడితే నేరుగా నోట్లోకే. రంగు దారంతో కుట్టిన పువ్వు అంతే అందంగా ఉంటుంది.

• నెట్, సింథటిక్ బట్టలు నిప్పు తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటాయి. దీపాలు, కొవ్వొత్తులు ఉండే చోటికైతే వాటిని వాడకండి.

• తల చుట్టుకొలత తీసుకోండి. మూడేళ్ల పిల్లల తల సుమారు 50 సెం.మీ. ఉంటుంది. డ్రెస్ మెడ అంతకన్నా ఇరుకైతే వెనక చీలిక పెట్టాల్సిందే.

• కాటన్ అయితే ముందే ఉతికి ఆరేయండి, కుంచించుకుపోతుంది.

• అంచు చీలమండ పైనే ఆగాలి, తొక్కి పడిపోకుండా.

• బాత్రూమ్‌కి వెళ్లాలంటే త్వరగా విప్పగలగాలి. చాలామంది మరిచిపోయేది ఇదే, పాపం పిల్లలు ఏడ్చేస్తారు.

• గుండుసూదులు లెక్కపెట్టి గుచ్చండి, లెక్కపెట్టి తీయండి.